ఇరవై నిమిషాల చేప

జూన్ 5, సోమవారం

అక్కకి,

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతిలో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తులు మర్చిపోయిన చోట నువ్వే పెట్టుకుని చదువు. అక్షరాలు ఒక పక్కకి ఒరిగాయంటే మాత్రం నా తప్పు కాదు, మా వంటింటి బల్లకి ఒక కాలు పొట్టి.

ఆయన ఎలా చూసుకుంటున్నాడని అడిగావు. బాగానే చూసుకుంటున్నాడు. ప్రతి ఆదివారం ఆయనే వంట చేస్తాడు. గొడుగుల ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసే క్యాషియరు, క్యాషియరు భార్య, సరుకు పంపించే సెక్షన్లో ఉండే మీసాలాయన భోజనానికి వస్తారు. ఈయన తలస్నానం చేసి, ఇస్త్రీ చేసిన ఏప్రన్ కట్టుకుని, చేతి గడియారం విప్పి వాళ్ళ ముందు పెడతాడు. "ఇరవై నిమిషాలు, చూస్తూ ఉండండి" అంటాడు. వంటింట్లోకి వచ్చి నేను తయారుచేసి ఉంచిన చేపని ఓవెన్లో కూరగాయల మీద పెట్టి తలుపు మూస్తాడు. తర్వాత కిటికీ దగ్గర నిలబడి సిగరెట్ కాల్చుకుంటాడు. కమ్మని వాసన వచ్చాక ట్రే బయటికి తీసి, నిమ్మకాయ పిండి, పసిబిడ్డని చుట్టాలకి చూపించడానికి తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకెళ్తాడు. వాళ్ళు చప్పట్లు కొడతారు.

క్యాషియరు భార్య వంటింట్లోకి తొంగిచూసి, "నీ పని హాయమ్మా, రాణీలా కూర్చోవడమే" అంటుంది. నేను అప్పుడు కింద కూర్చుని చేప పేగులు కాగితంలో చుడుతూ ఉంటాను. రాణులు ఏం చేస్తారో ఆవిడకే తెలియాలి.

మా బల్లకి నాలుగే కుర్చీలు. వాళ్ళు నలుగురు. నేను తర్వాత తోకముక్క తింటాను. సోమవారం దాకా నా జుట్టులో పొలుసులు దొరుకుతూనే ఉంటాయి. ఆయన నన్ను వాళ్ళ ముందు నత్త అని పిలుస్తాడు. నెమ్మదిగా పని చేస్తానట.

ఇంకా రాయాలని ఉంది కానీ సిగ్గేస్తోంది. చదివాక ఈ ఉత్తరం తగలబెట్టెయ్.

నీ చెల్లి

---

జూన్ 12, సోమవారం

చెల్లికి,

తగలబెట్టమన్నావు. ఎందుకే? నేను వీధంతా చదివి వినిపించాను. ఎదురింటావిడ రెండోసారి చదవమంది. మా మరిది ఆదివారం ఆదివారం వండి పెడతాడని ఇప్పుడు ఈ వీధిలో తెలియనివాళ్ళు లేరు.

నీకు అదృష్టం పట్టినా పట్టిందని తెలియదు, చిన్నప్పటి నుంచీ అంతే. చేప నేను తయారుచేస్తాను, పేగులు నేను చుడతాను అని సాగదీశావు. కడగడం, తరగడం కూడా ఒక పనేనా? ఎవరైనా చేస్తారు. పొయ్యి దగ్గర నిలబడ్డవాడిదే వంట. నా మొగుడికి మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో కూడా తెలియదు. కుట్టు మిషన్ మీద నుంచి లేవడు. అన్నం కంచం కూడా గుడ్డముక్కల మధ్యకే అందించాలి. మొన్న నీ ఉత్తరం చదువుతుంటే విని, "ఇరవై నిమిషాల పనికి ఇంత డబ్బానా? రాసి పంపమను, నేనూ చేస్తాను" అన్నాడు. బట్టలు కుట్టడం తప్ప ఇంకేదైనా చేస్తానని ఆయన నోట వినడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

కాబట్టి ఆ పద్ధతి మరిదిని అడిగి రాసి పంపు. నీ సొంత తెలివి కలపకు, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం నాలుగిళ్ళవాళ్ళనీ భోజనానికి పిలిచేశాను.

మరిదికి నా నమస్కారాలు చెప్పు. నువ్వు కొంచెం నోరు విప్పడం నేర్చుకో.

అక్క

---

జూన్ 19, సోమవారం

అక్కగారికి,

చేతిరాత బాగుండదు, మన్నించాలి. నీ ఉత్తరం ఆయన చదివారు. చాలా సంతోషించారు. ఆయన పక్కనే కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను. బావగారు శ్రద్ధగా చదువుకోవాలని ఆయన అంటున్నారు.

మంచి చేపని తీసుకోవాలి. ట్రేలో కూరగాయలు ఉండాలి. బంగాళాదుంప, క్యారెట్, ఉల్లిపాయ, ఏదైనా ఫరవాలేదు. వాటి మీద చేపని పెట్టాలి. ట్రేని ఓవెన్లో పెట్టి తలుపు మూయాలి. మాటిమాటికీ తెరవకూడదు, అది చేతకానివాళ్ళ లక్షణం. ఇరవై నిమిషాలకి తీయాలి. నిమ్మకాయ పిండాలి. నిమ్మకాయ పిండడంలోనే అసలు కిటుకు ఉంది, ఎత్తు నుంచి పిండాలి. చిరునవ్వుతో వడ్డించాలి.

ఇంతేనట. నేను ఇంకొక ముక్క రాయబోతే, "నేను చెప్పింది రాయి, నీ కవిత్వం ఎవరిక్కావాలి" అన్నారు. కాగితం ఆయనే మడిచి ఆయనే పోస్టులో వేస్తారట. ఈ ఉత్తరం భద్రంగా దాచుకోమని చెప్పమన్నారు.

ఇట్లు
చెల్లి

---

జూన్ 27, మంగళవారం

నీకు,

చెల్లీ అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజు నుంచి మీ బావ దాన్ని దర్జీ బల్ల మీద గోడకి గుచ్చి పెట్టుకున్నాడు. దర్జీవాడికి కొలత కాగితం మీద ఏముంటే అదే. చొక్కాకి మూడో చెయ్యి రాసి ఉంటే మూడో చెయ్యీ కుడతాడు. ఆదివారం నన్ను వంటింట్లోకి రానివ్వలేదు. "నీ మరిది పక్కన ఎవరైనా ఉన్నారా? నేనూ ఒక్కణ్ణే చేస్తాను" అన్నాడు. నేను పిలిచినవాళ్ళతో ముందుగదిలో కూర్చుని మరిది గొప్పలు చెబుతున్నాను.

చేప బజారు నుంచి ఎలా వచ్చిందో అలాగే బల్ల మీదికి వచ్చింది. పొలుసు పొలుసులాగే ఉంది. పేగులు లోపలే ఉన్నాయి. కింద బంగాళాదుంపలు మట్టితో సహా గుండ్రాళ్ళలా ఉన్నాయి. క్యారెట్లకి ఆకులు ఉన్నాయి. పైనుంచి మీ బావ స్టూలెక్కి నిమ్మకాయ పిండుతున్నాడు, చిరునవ్వుతో. ఎదురింటావిడ చేపని కదిపింది. ఆ పొట్టలోంచి వచ్చిన వాసనకి పిల్లలు లేచి పరిగెత్తారు, పెద్దవాళ్ళు నడుచుకుంటూ వెళ్ళారు. అంతే తేడా.

నాకు తెలుసు, నువ్వు కావాలనే దాచావు. నా మొగుడు కూడా నీ మొగుడిలా వండుతాడేమోనని నీకు కుళ్ళు. నోట్లో నాలుక లేనిదానిలా ఉంటూ ఎంత పని చేశావే. మీ బావ మళ్ళీ మిషన్ ఎక్కి కూర్చున్నాడు. మాట లేదు.

అక్క

---

జూలై 3, సోమవారం

అక్కకి,

ఈసారి నా రాత గురించి ఏమీ చెప్పను. ఏడుస్తూ రాస్తున్నాను, నువ్వే సర్దుకుని చదువు.

నేనేమీ దాచలేదు. ఆయన చెప్పింది ఒక్క అక్షరం పోకుండా రాశాను. ఆయనకి తెలిసింది అంతే. ఆయన దృష్టిలో చేప ట్రేలోనే పుడుతుంది, పొలుసు లేకుండా, పేగులు లేకుండా, ఉప్పూ మిరియాల పొడీ పూసుకుని, పొట్టలో నిమ్మచెక్కలు పెట్టుకుని. కూరగాయలు ఒక్క సైజులో తరుక్కుని, నూనె రాసుకుని, ముందే సగం వేగి కూర్చుంటాయి. ఓవెన్ దానంతట అది వేడెక్కుతుంది. నేను తెల్లవారకుండా బజారుకి వెళ్ళడం, పెరట్లో కుళాయి కింద కూర్చోవడం ఆయన నిద్రలో జరిగిపోతాయి.

కడగడం, తరగడం ఒక పనేనా అన్నావు. ఆదివారం నీ ఇంట్లో ఆ పని ఒక్కటే తక్కువైంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యాక్టరీలో క్యాంటీన్ పెడుతున్నారు. క్యాషియరు మా ఆయన వంట గురించి మేనేజరు చెవిన వేశాడు. మేనేజరు, "వచ్చే ఆదివారం మా ఇంటికొచ్చి వండు, బాగుంటే క్యాంటీన్ నీదే" అన్నాడట. ఈయన అప్పటి నుంచి నేల మీద నడవడం లేదు.

నిన్న నన్ను ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి నా చోటు చూపించాడు. ముందు గాజు పలకలు పెట్టిన కౌంటరు, అక్కడ ఆయన ఏప్రన్ కట్టుకుని నిలబడతాడట. వెనక ఒక గది. ఇదివరకు జిగురు డబ్బాలు పెట్టేవాళ్ళు, ఆ కంపు ఇంకా ఉంది. కిటికీ లేదు. ఒక కుళాయి, ఒక తూము. "రోజూ అందరికీ సరిపడా చేపలు నువ్వు ఇక్కడ చేసిపెట్టు. ఎవరికీ కనబడవు, నీ సిగ్గుకి బాగా కలిసొస్తుంది" అన్నాడు. నా మీద దయతోనే అన్నాడు అక్కా. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఆదివారం ఒక్క చేపకే నా వేళ్ళు చీరుకుపోతున్నాయి. ఇంక నా బతుకంతా ఆ తూము దగ్గరే.

నిన్న సాయంత్రం ఆ ముగ్గురూ వచ్చారు. మీసాలాయన, "మేనేజరు ఇంట్లో మీ ఆవిడ సాయం ఏమైనా కావాలా?" అని అడిగాడు. ఈయన, "నత్త సాయమా? అది ముట్టుకుంటే ఆదివారం చేప బుధవారం తింటాం. దారిలో చేప కొంటాను, అక్కడికక్కడే ఇరవై నిమిషాలు" అన్నాడు. అందరికంటే క్యాషియరు భార్య ఎక్కువ నవ్వింది. నేను వండిందే ఆవిడ పళ్ళ సందున ఇరుక్కుని ఉంది, నవ్వుతుంటే కనబడింది.

వాళ్ళు వెళ్ళాక మెల్లగా చెప్పాడు, శనివారమే ఇంకొక చేప తెచ్చి, కూరగాయలతో సహా సిద్ధం చేసి డబ్బాలో పెట్టాలట, అక్కడ మార్చుకుంటాడట. ఎందుకంటే చొక్కా పాడవుతుందట.

నేనేం చేయాలో చెప్పు. ఇది మాత్రం నిజంగా తగలబెట్టు.

చెల్లి

---

జూలై 6, గురువారం

చెల్లికి,

వెర్రిదానా, ఇందులో అడగడానికి ఏముంది. డబ్బా కట్టి ఇవ్వు. మొగుడు నలుగురిలో పరువు పోగొట్టుకుంటే నీకు ఒరిగేదేమిటి? క్యాంటీన్ వస్తే ఆయన ముందుంటే ఏంటి, నువ్వు వెనకుంటే ఏంటి. నేను మీ బావ వెనక కాజాలు కుడుతూనే ఉన్నాను కదా, ఎవరికి తెలుసు.

అక్కడికి వెళ్ళినా నోరు తెరవకు. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడటం నీకు చేతకాదు.

పాత కోపం సగం పోయింది. మిగతా సగం మీ బావ మాట్లాడాక పోతుంది.

అక్క

---

జూలై 10, సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం శనివారం అందింది. చదివి తగలబెట్టేశాను. నువ్వెలాగూ నా మాట వినవు, నేనైనా ఒకటి కాల్చాలి కదా.

శనివారం సాయంత్రం డబ్బా సిద్ధమా అన్నాడు. నేను ముట్టుకుంటే బుధవారం అవుతుందన్నారు కదండీ అన్నాను. "పో, నీ డబ్బా లేకపోతే నాకు చేతకాదా" అని పడుకున్నాడు. గురక కూడా పెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్ళూ ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ చేప తనే వండుతున్నానని నిజంగా నమ్ముతున్నాడు. అబద్ధాలకోరు అయితే కాస్త భయమైనా ఉండేది.

ఆదివారం భోజనానికి మేనేజరు ఆ ముగ్గురినీ, నన్నూ కూడా పిలిచాడు. వాళ్ళ ముందుగదిలో పెద్ద బల్ల, చుట్టూ మెత్తని కుర్చీలు. నేను అలవాటు ప్రకారం వంటింటి వైపు నడిచాను. ఈయన అందరి ముందూ, "నువ్వు కూర్చో నత్తా, అడ్డం రాకు" అన్నాడు. కూర్చున్నాను. అంత సులువుగా కుర్చీ దొరుకుతుందని నాకు తెలియదు.

గడియారం బల్ల మీద పెట్టి, కొన్న చేపతో లోపలికి వెళ్ళాడు. ఇరవై నిమిషాలు అయ్యాయి. ఏమీ రాలేదు. గిన్నె పడిన చప్పుడు వచ్చింది. మీసాలాయన గొడుగుల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. కొంతసేపటికి ఈయన గుమ్మంలోకి వచ్చాడు. ఏప్రన్ మీద నెత్తురు, చెంప మీద పొలుసు. పెళ్ళిచూపుల్లో కూడా వినని గొంతుతో, "ఒక్కసారి ఇలా వస్తావా" అన్నాడు.

"ఇరవై నిమిషాల పనికి నేనెందుకండీ" అన్నాను.

వాళ్ళు నవ్వారు. నేను హాస్యం ఆడాననుకున్నారు. ఆయన నవ్వలేదు.

ఆకలితో అందరూ నీరసపడ్డాక ట్రే వచ్చింది. చేప ఒక పక్క మాడింది, ఒక పక్క పొలుసుతో మెరుస్తోంది. పొట్ట కోస్తూ పైత్యం ఉండే చేదుతిత్తి చిదిపేసినట్టున్నాడు, ఆకుపచ్చ మరక కనబడుతూనే ఉంది. బంగాళాదుంపలు పచ్చివి. ఎంతైనా మొగుడు. ఇప్పుడు వీళ్ళు ఏమంటారో అని తల వంచుకున్నాను.

మేనేజరు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. కరకరమని చప్పుడు వచ్చింది. "దుంప ఇలా గట్టిగా ఉంచడం కొత్త పద్ధతా?" అని అడిగాడు. ఈయన అవునండి అన్నాడు. "బాగుంది" అన్నాడు మేనేజరు.

ఇంక చూడు. క్యాషియరు అద్భుతం అన్నాడు. మీసాలాయన వెన్నలా కరిగిపోతోంది అన్నాడు, అంటున్నంతసేపూ మీసానికి అంటుకున్న పొలుసు ఒకటి తళతళలాడుతూనే ఉంది. మేనేజరు భార్య, చేదు కొంచెం తగులుతోంది, చేదు ఒంటికి మంచిదే అంది. క్యాషియరు భార్య ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడల్లా దగ్గొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుంటోంది. రుమాలు ఉబ్బిపోయింది. మా ఇంట్లో తిన్నదాని కంటే బాగుంది అన్నది కూడా ఆవిడే.

వీళ్ళకా నేను ఇన్నాళ్ళూ భయపడింది? వీళ్ళ ముందుకి రావడానికా నేను చీర సర్దుకుని, తలుపు చాటున నిలబడి చెమటలు కక్కింది? వీళ్ళ నాలుకలు వీళ్ళ నోళ్ళలో లేవు, మేనేజరు నోట్లో ఉన్నాయి. రేపు ఆయన గొడుగు గుడ్డ నమిలి బాగుందంటే వీళ్ళు ఊచలతో సహా తింటారు. నా కంచం నేను పక్కకి జరిపాను. ఎవరూ చూడలేదు. అందరూ మేనేజరునే చూస్తున్నారు.

మేనేజరు చెయ్యి తుడుచుకుని క్యాంటీన్ ఈయనకే అన్నాడు. ఈయన మొహం వెలిగిపోయింది. అంత జరిగాక కూడా వెలిగింది. "వెనక గదిలో మా ఆవిడ సాయంగా ఉంటుందండి" అన్నాడు.

అక్కా, నేను కుర్చీలోంచి లేవలేదు.

"నేను ఉండనండి. ఆయన ఒక్కరే వండింది మీ అందరికీ ఇంత నచ్చింది. నేను చెయ్యి పెడితే రుచి మారిపోతుంది" అన్నాను.

వాళ్ళు ఏమనగలరు? నేను ఉండాలనడానికి ముందు ఇది బాగాలేదని ఒప్పుకోవాలి. క్యాషియరు భార్య నా వైపు మొదటిసారి నిజంగా చూసింది. చివరికి మేనేజరు, "అవును, ఆయన చెయ్యే ఉండాలి" అన్నాడు. అందరూ అవును అవును అన్నారు.

తగలబెట్టడం సంగతి నీ ఇష్టం.

చెల్లి

---

జూలై 17, సోమవారం

చెల్లికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. మీసానికి పొలుసు అంటుకుందన్న దగ్గర మిషన్ ఆపాడు. నువ్వు క్యాంటీన్లో ఉండనన్న దగ్గర నా వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి నోరు విప్పి, "పాపం, నీ మరిదికి కూడా ఎవరో తప్పు కొలత ఇచ్చారు" అన్నాడు.

నేను నిన్ను అన్నవి వెనక్కి తీసుకున్నాను. అన్నీ కాదు, కావలసినవి. ఇప్పుడు అసలు పద్ధతి రాసి పంపు. నిన్న నా పక్కన కూర్చుని కాజా ఎలా కుడతానో చూశాడు మీ బావ. కొంచెం వంకరగా ఉందన్నాడు. ఉండనీ, చూశాడు కదా.

అక్క

---

ఆగస్టు 7, సోమవారం

అక్కకి,

క్యాంటీన్ నడుస్తోంది. గొడుగులు కుట్టే ఆడవాళ్ళు మొదటి రోజు ఒక్క ముద్ద తిని, రెండో రోజు నుంచి ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారట. వాళ్ళు ఎవరినీ పొగడలేదు కాబట్టి వాళ్ళకి ఆ స్వేచ్ఛ ఉంది. మేనేజరు, క్యాషియరు, మీసాలాయన మాత్రం రోజూ తినాల్సిందే, అంతగా మెచ్చుకున్నారు మరి. మీసాలాయన మీసం తీసేశాడు. ఆదివారాలు మా ఇంటికి ఎవరూ రావడం లేదు. కడుపులో బాగాలేదని కబురు పంపుతున్నారు.

ఆయన సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చేపల కంపు. వేళ్ళనిండా గుడ్డపీలికలు. నత్త అనడం మానేశాడు. పిలవడమే మానేశాడు.

నిన్న ఆదివారం. బజారుకి వెళ్ళి నాకు నచ్చిన చేప తెచ్చుకున్నాను. పట్టినంతసేపు పట్టనిచ్చి వండుకున్నాను. తెచ్చి బల్ల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పొట్టముక్క నేనే వేసుకున్నాను. రెండేళ్ళుగా దాని రుచి నాకు తెలియదు, నమ్ముతావా? ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చాలాసేపటికి అడిగాడు, పొలుసు ఎటు నుంచి తీయాలని.

జాలి పడ్డానని అనుకోకు. జాలి ఇంకా రాలేదు, వస్తే రాస్తాను. ఎదురు కుర్చీ చూపించి, "కూర్చోండి. కాగితం తెచ్చుకోండి. నేను చెప్పింది రాయండి, సొంత ముక్క కలపకండి" అన్నాను.

రాశాడు. తోక నుంచి తల వైపుకి అన్న దగ్గర తల ఎత్తి, అలాగా అన్నాడు. చేదుతిత్తి దగ్గర రెండుసార్లు చెప్పమన్నాడు. బంగాళాదుంపలు కడిగి, తరిగి, చేప కంటే ముందే ఓవెన్లోకి వెళ్ళాలన్నప్పుడు పెన్ను కొంచెంసేపు ఆగింది. చివర ఇరవై నిమిషాలు అని రాసుకున్నాడు. కొట్టేయించాను.

ఆ కాగితమే దీనితో పంపుతున్నాను, బావ గోడకి గుచ్చుకోవడానికి. ఆయన చదువుకున్నవాడు కదా, రాత నా రాత కంటే ముచ్చటగా ఉంటుంది. ఆయన దగ్గర ఇంకొకటి ఉంది, చూసి రాసుకున్నాడు.

నా ఉత్తరాలు వీధిలో ఎవరికి చదివి వినిపిస్తావో వినిపించుకో, ఇదివరకటి సిగ్గు లేదు. జూన్ పందొమ్మిదిన పంపింది మాత్రం వెతికి పట్టుకుని తగలబెట్టు, ఆకలితో ఉన్నవాళ్ళెవరి చేతికైనా చిక్కితే కష్టం.

నీ చెల్లి